కాంటొనీస్‌ను రోమన్ అక్షరాల్లో రాయడం, ఆ రాతను మెరుగుపరచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

కాంటొనీస్ అంటే హాంకాంగ్‌లో, దాని పక్కనున్న చైనా రాష్ట్రం గ్వాంగ్‌డాంగ్‌లో మాట్లాడే భాష. అది నేర్చుకునే తెలుగువాళ్లు రోమన్ స్పెల్లింగ్ దగ్గర ఆగి అడిగే సందేహాలు ఇంచుమించు ఎప్పుడూ ఇవే. మొదట్లో "ఇదేం స్పెల్లింగ్?" అని విసుక్కుంటారు. కొంచెం పట్టు దొరికాక "నేనైతే ఇలా మారుస్తా" అంటారు. రెండు దశల ప్రశ్నలనీ ఒకచోట పెట్టాను. ఎక్కణ్నుంచైనా చదువుకోవచ్చు.

ఒక చిన్న ఏర్పాటు. రోమన్ అక్షరాలను ఇక్కడ వాటి పేర్లతోనే, మధ్యలో గీత పెట్టి రాశాను. "ఎస్-ఐ-1" అంటే ఎస్, ఐ, వాటి పక్కన 1 అంకె. ఆ అంకె టోన్‌ది, అంటే ముక్క పలికేటప్పుడు గొంతు ఎత్తుపల్లానిది. అది మారితే మాట అర్థమే మారిపోతుంది. పక్కన కాగితం పెట్టుకుని రోమన్‌లో రాసుకుంటూ చదివితే హాయిగా ఉంటుంది.

## మొదలుపెట్టే ముందు

కాంటొనీస్‌కి ఇన్ని రోమన్ పద్ధతులెందుకు? ఒక్కటి పెట్టుకోలేకపోయారా?

చైనా అధికార భాష మాండరిన్‌కి 1958లో ప్రభుత్వమే పిన్‌యిన్ అనే రోమన్ పద్ధతి ఖాయం చేసి బడుల్లో పెట్టింది. కాంటొనీస్‌కి అలా వెనక నిలబడ్డ ప్రభుత్వం లేదు. హాంకాంగ్ పిల్లలు బడిలో నేరుగా చైనీస్ లిపే నేర్చుకుంటారు, రోమన్ రాతతో వాళ్లకి పని పడదు. పని పడింది బయటివాళ్లకి. మిషనరీ రాబర్ట్ మారిసన్ 1828లోనే కాంటొనీస్ పదకోశం అచ్చువేశాడు. తర్వాత వచ్చిన మిషనరీలు తలా ఒక పద్ధతి పెట్టుకున్నారు. అమెరికన్ విద్యార్థుల కోసం యేల్ విశ్వవిద్యాలయం ఒకటి, హాంకాంగ్‌లోని ఇంగ్లిష్ అధికారులకు పాఠాలు చెప్పిన సిడ్నీ లావ్ ఒకటి, 1960లో గ్వాంగ్‌డాంగ్ రాష్ట్ర విద్యాశాఖ ఒకటి తయారుచేశారు. 1993లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం యూట్‌పింగ్ తెచ్చింది. ఎవరి విద్యార్థులు వాళ్లకి, ఎవరి అవసరం వాళ్లది.

మరి నేను దేంతో మొదలుపెట్టాలి?

యూట్‌పింగ్‌తో. మీ టీచర్ యేల్ పుస్తకంతో చెబుతుంటే మాత్రం ఆ కోర్సు అయ్యేదాకా యేల్‌లోనే ఉండండి. రెండూ కలిపి నేర్చుకుంటే రెండూ చెడతాయి.

మెట్రో స్టేషన్ బోర్డుల మీద స్పెల్లింగ్ ఉంది కదా, అదే నేర్చుకుంటే సరిపోదా?

సరిపోదు. హాంకాంగ్ ద్వీపం మీది ఐలండ్ లైన్‌లో రెండు స్టేషన్లున్నాయి. ఒకటి వాన్ చాయ్, ఇంకొకటి తూర్పు చివరి స్టేషన్ చాయ్ వాన్. బోర్డు మీద రెండిట్లోనూ అవే రెండు ముక్కలు, ముందువెనకలు తప్ప తేడా లేదు. "వాన్" అనే ముక్క నిజంగానే రెండిట్లో ఒకటే. "చాయ్" మాత్రం కాదు. మొదటి స్టేషన్‌లోది యూట్‌పింగ్‌లో జెడ్-ఏ-ఐ-2, అంటే గాలి వదలకుండా, పొట్టి అచ్చుతో, పైకి లేచే టోన్‌లో "చయ్". రెండోదాంట్లోది సీ-ఏ-ఏ-ఐ-4, అంటే గాలి బలంగా వదిలి, పొడుగు అచ్చుతో, కిందికి దిగే టోన్‌లో "ఛాయ్". ఒత్తు, దీర్ఘం, టోన్ మూడూ వేరు. బోర్డు ఒక్కదాన్నీ చూపించదు.

ప్రభుత్వం వాడే ఈ రాత ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు ఇంగ్లిష్‌లో రాసుకోవడానికి బ్రిటిష్ కాలం నుంచీ వస్తున్నది. గుర్తింపు కార్డుల్లో, ఆస్తి పత్రాల్లో స్థిరపడిపోయింది. దాన్ని ఎవరూ మార్చరు, మార్చనక్కర్లేదు కూడా. పేర్లు గుర్తుపట్టడానికి వాడుకోండి, ఉచ్చారణ నేర్చుకోవడానికి మాత్రం వద్దు.

నా హాంకాంగ్ ఫ్రెండ్‌కే యూట్‌పింగ్ రాదట. మరి నాకెందుకు?

మీ ఫ్రెండ్‌కి ఉచ్చారణ అమ్మ ఒడిలోనే వచ్చేసింది, మీకు రాలేదు. అంతే తేడా. అయితే ఒక జాగ్రత్త: "దీని యూట్‌పింగ్ ఏంటి?" అని వాళ్లని అడిగి ఇబ్బంది పెట్టకండి. నోటితో పలకమని అడగండి, స్పెల్లింగ్ నిఘంటువులో చూసుకోండి.

## అక్షరాల దగ్గర ఆగిపోయినప్పుడు

"య" పలకడానికి వై ఉండగా జే ఎందుకు పెట్టారు?

ఎక్కువమందికి కోపం తెప్పించేది ఇదే. అసలు పద్ధతి పేరే జే-వై-యు-టి అని మొదలవుతుంది, దాంతో "జ్యూట్‌పింగ్" అనేస్తారు. పలకాల్సింది యూట్‌పింగ్. జర్మన్, డచ్, పోలిష్ భాషల్లో జే అంటే "య"యే. అంతర్జాతీయ ధ్వని లిపిలోనూ అంతే. కానీ అసలు కారణం వేరే ఉంది: వై అక్షరం ఇంకో పనిలో ఇరుక్కుపోయింది. "ఈ" అంటూ పెదాలు గుండ్రంగా చుడితే వచ్చే అచ్చును వై-యు అని రాస్తారు. "చేప" అనే మాటలో ముందు "య", ఆ వెంటనే ఈ అచ్చు వస్తాయి: జే-వై-యు-4. "య"కి కూడా వై పెడితే రెండు వైలు పక్కపక్కన పడతాయి. యేల్ పద్ధతిలో ఒక వైని మింగేసి సర్దుకున్నారు. అక్కడ చూడ్డానికి బాగుంటుంది కానీ, కంప్యూటర్‌కి ఇచ్చేటప్పుడు ఏ వై ఏ పని చేస్తోందో విడిగా చెప్పాల్సి వస్తుంది. నా మటుకు నాకు జే అందంగా అనిపించదు, కానీ ఒక అక్షరానికి ఒకే పని ఉండటం నచ్చుతుంది.

బీ అని రాసి "ప" అనమంటారేంటి?

కాంటొనీస్‌లో బ, ద, గ లు లేవు. ఉన్నది ఒత్తు లేని జత, ఒత్తున్న జత. ఇది తెలుగువాళ్లకి నిజానికి సుళువు. బీ అంటే ప, పీ అంటే ఫ (ఇంగ్లిష్ ఎఫ్ కాదు, నోటి ముందు కాగితం కదిలేలా పలికే ఫ). డీ అంటే త, టీ అంటే థ. జీ అంటే క, కే అంటే ఖ. తొమ్మిదికి జీ-ఏ-యు-2, "కవ్". బంతికి కే-ఏ-యు-4, "ఖవ్".

ఇంగ్లిష్‌వాళ్ల బీ, డీ, జీ మాట మొదట్లో సగం ప, త, క లాగే ఉంటాయి కాబట్టి వాళ్లు చూసింది చూసినట్టు చదివినా నెట్టుకొచ్చేస్తారు. మన నోట మాత్రం బ, ద, గ లు గట్టిగా మోగుతాయి, వెంటనే యాస తెలిసిపోతుంది. ఇంగ్లిష్ చదువు పక్కన పెట్టి, బీ కనపడగానే మనసులో "ప" రాసుకోండి.

జెడ్, సీ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. జెడ్ అంటే చాప, చుక్క, చొక్కా మాటల్లో మనం పలికే చ. పాత పుస్తకాల్లో దీనికి ౘ అని ప్రత్యేక గుర్తు ఉండేది. సీ అంటే దానికే ఒత్తు. వై-యు అచ్చు ముందు వచ్చినప్పుడు ఈ శబ్దం "చీమ"లోని చ వైపు జరుగుతుంది.

ఏ ఒకటి, ఏలు రెండు. వినడానికి నిజంగా తేడా ఉందా?

అ, ఆ లకి ఉన్నంత తేడా ఉంది. జీ-ఏ-ఐ-1 అంటే కోడి, జీ-ఏ-ఏ-ఐ-1 అంటే వీధి. ఎస్-ఏ-ఎమ్-1 అంటే గుండె, ఎస్-ఏ-ఏ-ఎమ్-1 అంటే మూడు. టోన్ కూడా ఒకటే, అచ్చు ఒక్కటే వేరు. ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవాళ్లు దీని దగ్గర నెలలు నలుగుతారు. మీరు బడిలో దిద్దిన మొదటి రెండు అక్షరాలే ఇవి.

మెరుగుపరచాలనుకునేవాళ్లు ఇక్కడ ఒక సవరణ చెబుతుంటారు: మాట చివర ఏమీ లేనప్పుడు ఎలాగూ దీర్ఘమే వస్తుంది కదా, అక్కడ ఒక్క ఏ చాలదా అని. యేల్‌లో చేసింది అదే. యూట్‌పింగ్ ఒప్పుకోలేదు, అన్నిచోట్లా రెండు ఏలు రాయమంది. 2018లో హాంకాంగ్ భాషాశాస్త్ర సంఘం పద్ధతిని సవరించి, చివర ఏమీ లేని పొట్టి అచ్చుకి కూడా చోటిచ్చింది. వేగంగా మాట్లాడేటప్పుడు నలిగిపోయే ముక్కల్లో అది వినిపిస్తుంది. ఒక్క ఏ అప్పటికి ఖాళీగా ఉంది కాబట్టే అది కుదిరింది.

ఓ-ఈ, ఈ-ఓ రెండూ ఒకే శబ్దంలా ఉన్నాయి. ఒకటి తీసేస్తే పోలా?

వాదనలో బలం ఉంది. ఓ-ఈ ఒంటరిగానో, ఎన్-జీ, కే ల ముందో వస్తుంది. ఈ-ఓ మాత్రం ఐ, ఎన్, టీ ల ముందు వస్తుంది. ఒకటి వచ్చేచోట ఇంకోటి రాదు కాబట్టి యేల్ రెండిటికీ ఈ-యు అని ఒకటే గుర్తు పెట్టింది. హాంకాంగ్ అనే మాటలో మొదటి ముక్క హెచ్-ఓ-ఈ-ఎన్-జీ-1, నీళ్లు అనే మాట ఎస్-ఈ-ఓ-ఐ-2. విడిగా పలికి చూడండి, మొదటి అచ్చు నోరు ఎక్కువ తెరుచుకుని, పొడుగ్గా ఉంటుంది. రెండోది పొట్టిగా, నోటి మధ్యలో ఉంటుంది.

రెండు చిక్కులున్నాయి. ఈ-యు అనే జతకి యూట్‌పింగ్‌లో వేరే ఉద్యోగం ఉంది: "పారెయ్" అనే వాడుక మాట డీ-ఈ-యు-6, ఇంచుమించు "తెవ్". రెండోది, 2018 సవరణలో టీ ముందు వచ్చే ఓ-ఈ ని కూడా చేర్చారు, వాడుకలోని ధ్వన్యనుకరణ మాటల కోసం. రెండిటినీ కలిపేసి ఉంటే ఆ మాటలు రాయడానికి దారుండేది కాదు.

పలకడానికి చిట్కా: "ఓ" అనడానికి పెదాలు చుట్టండి, పెదాలు కదపకుండా లోపల "ఎ" అనండి.

చివర్లో పీ, టీ, కే రాస్తారు కానీ వినపడదే?

నోరు ఆ స్థానానికి వెళ్లి మూసుకుంటుంది, తెరుచుకోదు. తెలుగు మాటలు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి మనకి తెలియకుండానే చివర "ఉ" తగిలిస్తాం, పది అనే ఎస్-ఏ-పీ-6 ని "సప్పు" చేస్తాం. అలా చేస్తే ఎదుటివాళ్లకి రెండు ముక్కలు వినిపిస్తాయి.

వినపడని దాన్ని తీసేసి ఒకే గుర్తు పెడదామని కొందరంటారు. ఈ మూడు మాటలు చూడండి, టోన్ కూడా ఒకటే: ఎస్-ఏ-పీ-1 తడి, ఎస్-ఏ-టీ-1 పోగొట్టుకోవడం, ఎస్-ఏ-కే-1 అడ్డుపడటం. ట్రాఫిక్ జామ్‌ని హాంకాంగ్‌లో ఈ మూడో మాటతోనే చెబుతారు. పెదాలు మూసుకున్నాయా, నాలుక కొన పైకి తగిలిందా, నాలుక వెనక భాగం లేచిందా అన్నది అచ్చు చివర్లో లీలగా తెలుస్తుంది. కొన్నాళ్లకి చెవి పట్టుకుంటుంది.

జనం ఎన్ ని ఎల్ లా పలుకుతున్నారు. విన్నట్టు రాయాలా, నిఘంటువులో ఉన్నట్టా?

నోట్సులో నిఘంటువు రూపమే రాయండి. "నువ్వు" అనే మాట ఎన్-ఈ-ఐ-5, కానీ హాంకాంగ్‌లో ఎక్కువగా "లెయ్" అనే వినిపిస్తుంది. "నేను" అనే ఎన్-జీ-ఓ-5 లో మొదటి ఎన్-జీ ఎగిరిపోయి ఉత్త "ఓ" మిగులుతుంది. అక్కడి పెద్దవాళ్లు దీన్ని సోమరి ఉచ్చారణ అని తిడుతుంటారు, పిల్లలు పట్టించుకోరు. నిఘంటువు రూపం నుంచి జనం పలికేదాన్ని ఊహించొచ్చు. ఎల్ అని రాసుకుంటే అది అసలు ఎల్లో, ఒకప్పటి ఎన్నో తిరిగి చెప్పలేం.

## టోన్ల దగ్గర

టోన్లు ఆరా, తొమ్మిదా? ఒక్కొక్కరు ఒక్కోటి చెబుతున్నారు.

ఎత్తుపల్లాలు చూస్తే ఆరే. చైనా సంప్రదాయ ఛందస్సు లెక్కలో పీ, టీ, కే తో ముగిసే మాటలను వేరే వర్గంగా చూస్తారు, అవి మూడు, కలిపితే తొమ్మిది. ఆ మూడూ ఎత్తులో 1, 3, 6 టోన్లతో సమానమే, పొట్టిగా ఆగిపోతాయి అంతే. కొన్ని పద్ధతులు వాటికి 7, 8, 9 అంకెలు ఇచ్చాయి. చివరి అక్షరం చూస్తే తెలిసిపోయేదానికి మళ్లీ అంకె దండగని యూట్‌పింగ్ ఆరుతో ఆపింది. మంచి పని చేసింది.

ఆరు టోన్లనీ ఎలా గుర్తుపెట్టుకోవాలి?

అంకెలు నేర్చుకుంటే టోన్లు వాటంతటవే వస్తాయి. 3, 9, 4, 0, 5, 2 అని కాంటొనీస్‌లో వరసగా చదవండి: ఎస్-ఏ-ఏ-ఎమ్-1, జీ-ఏ-యు-2, ఎస్-ఈ-ఐ-3, ఎల్-ఐ-ఎన్-జీ-4, ఎన్-జీ-5, జే-ఐ-6. ఒకటి నుంచి ఆరు దాకా టోన్లు వరసగా వచ్చేశాయి. ఆ తర్వాత 7, 8, 6 కూడా చదివితే పొట్టిగా ఆగే మూడు కూడా పూర్తవుతాయి. ఇది అక్కడ అందరికీ తెలిసిన కిటుకే.

1 పైన నిలకడగా ఉంటుంది. 2 పైకి లేస్తుంది. 3 మధ్యలో నిలకడ. 4 అన్నిటికన్నా కింద, ఇంకా దిగుతూ, చాలామంది గొంతులో గరగరమంటుంది. 5 కింద మొదలై మధ్య దాకానే లేస్తుంది. 6 మధ్యకి కాస్త కింద నిలకడ. 2కీ 5కీ, 3కీ 6కీ తేడా పట్టలేకపోతే టెన్షన్ పడకండి. హాంకాంగ్ యువతలోనే కొందరి నోట ఇవి కలిసిపోతున్నాయని భాషాశాస్త్రజ్ఞులు గమనించారు.

అంకెల బదులు అక్షరాల మీద గుర్తులు పెడితే బాగుండదా?

చదవడానికి బాగుంటుంది. యేల్ దారి అదే: అచ్చు మీద గీతలు, కింది టోన్లకి అదనంగా ఒక హెచ్. ఆ హెచ్ పలకదు, అది కింది టోన్ అని చెప్పడానికే ఉంది. పేజీ చూడ్డానికి మామూలు భాషలా కనిపిస్తుంది. చిక్కంతా కీబోర్డు దగ్గర. గీతలున్న అక్షరాలు టైప్ చేయడం పెద్ద పని, వెతికేటప్పుడు చాలా సాఫ్ట్‌వేర్లు గీతలను లెక్కలోకి తీసుకోవు, కాపీ చేస్తే కొన్నిచోట్ల రాలిపోతాయి.

నేను చెప్పేది ఒకటే: దాచిపెట్టేది అంకెలతో, చూపించేది మీకు నచ్చినట్టు. ఫైల్లో 1 నుంచి 6 ఉంచి, తెర మీద గీతలో, రంగులో, పైకీ కిందికీ వెళ్లే గీతల బొమ్మలో చూపించండి.

1 అన్నిటికన్నా పైన, 4 అన్నిటికన్నా కింద. ఈ అంకెల వరస తప్పు కదా, సరిచేస్తే?

అంకెలు ఎత్తుని చెప్పడం లేదు. సంప్రదాయ వర్గాలను పై వరస మూడు, కింది వరస మూడు అని పేర్చారు: 1, 2, 3 పైవి, 4, 5, 6 వాటి కింది జోడీలు. 1కి 4, 2కి 5, 3కి 6. పాత కవితల ప్రాస చూసేవాళ్లకి, ఇతర చైనా భాషలతో పోల్చేవాళ్లకి ఈ జోడీలు కావాలి. మీకు అది అక్కర్లేకపోవచ్చు. అయినా అవే ఆరు అంకెలకి కొత్త అర్థం ఇవ్వడం కన్నా చెడ్డ సవరణ ఇంకోటి ఉండదు. మీ 4 ఏదో, నిఘంటువు 4 ఏదో చూసేవాళ్లకి తెలియదు, తప్పు జరిగినట్టు కూడా తెలియదు. మార్చి తీరాలంటే అంకెలు వదిలేసి వేరే గుర్తులు తీసుకోండి.

నిఘంటువులో ఒక టోన్, జనం నోట ఇంకో టోన్. ఏది సరైనది?

రెండూ. కొన్ని మాటలు వాడుకలో ఎక్కువగా 2వ టోన్‌కి మారతాయి. "మాట" అనేది విడిగా డబ్ల్యూ-ఏ-ఏ-6, కానీ "కాంటొనీస్ భాష" అనే పేరు చివర వచ్చినప్పుడు డబ్ల్యూ-ఏ-ఏ-2. నిఘంటువులు దీన్ని "6-2" అని రాస్తాయి: అసలుది 6, పలికేది 2. చిన్న ఏర్పాటే కానీ చాలా ఉపయోగం. మీ నోట్సులోనూ ఇలాగే రాయండి.

టోన్ అంకెలు ఎగ్గొట్టి సందర్భాన్ని బట్టి అర్థం చేసుకోలేమా?

ఎమ్-ఏ-ఏ-ఐ-5 అంటే కొనడం. ఎమ్-ఏ-ఏ-ఐ-6 అంటే అమ్మడం. ఏ సందర్భంలో అయినా రెండూ అతుకుతాయి.

## "నేనైతే ఇలా మారుస్తా" అనిపించినప్పుడు

నేనొక కొత్త పద్ధతి తయారుచేశా. బాగుందో లేదో ఎలా తేల్చుకోవాలి?

ముందు వేరుగా వినిపించే మాటల జతలను రాసి చూడండి. కోడి, వీధి. తడి, పోగొట్టుకోవడం, అడ్డుపడటం. కొనడం, అమ్మడం. ఏ రెండు మాటలకైనా ఒకే స్పెల్లింగ్ వస్తే అక్కడికి ఆపేయండి.

తర్వాత తిరుగు ప్రయాణం. మీరు రాసినదాన్ని మళ్లీ యూట్‌పింగ్‌లోకి పొల్లుపోకుండా మార్చగలగాలి. అది కూడా ఆలోచన అవసరం లేని నియమాలతో, అంటే కంప్యూటర్ చేయగలిగేలా. చాలా సొంత పద్ధతులు ఇక్కడే బోల్తా కొడతాయి, ఎందుకంటే రాసినవాళ్లకి మాట ముందే తెలుసు, లోటు కనపడదు.

ముక్కలను కలిపి రాసి కూడా చూడండి. డీ-ఏ-ఎన్-జీ-ఏ-ఏ అని ఉంటే "తన్-కా" అనాలా, "తఙ్-ఆ" అనాలా? యూట్‌పింగ్‌లో మధ్యలో టోన్ అంకె వచ్చి గోడలా నిలబడుతుంది. అంకె తీసేసినవాళ్లు ఖాళీయో గీతో పెట్టక తప్పదు.

చివరికి కాంటొనీస్ రాని ఇంకొకరికి నియమాలు మాత్రం ఇచ్చి చదవమనండి, కాంటొనీస్ వచ్చినవాళ్లని వినమనండి. మీరు చదివితే పరీక్ష కాదు.

తెలుగు లిపిలోనే రాసుకోవచ్చుగా? రోమన్ కన్నా నయం కదా?

సగం దూరం చాలా బాగా వెళ్తుంది. ప-ఫ, త-థ, క-ఖ, అ-ఆ తేడాలు రోమన్ కన్నా మన లిపే సూటిగా చూపిస్తుంది. బడిలో దిద్ది ఆ తర్వాత మళ్లీ వాడని ఙ కి ఇన్నాళ్లకి ఒక పని దొరుకుతుంది: "నేను" అంటే ఙో-5. అయిదు అంటే ఉత్త ఙ్-5.

గుండ్రటి పెదాల అచ్చులు వై-యు, ఓ-ఈ, ఈ-ఓ మూడిటికీ మన దగ్గర అక్షరం లేదు. వాటిని ఎ అనో, ఉ అనో రాసుకుంటే నాలుగు రోజుల్లో అలాగే పలకడం అలవాటవుతుంది. వాటికి ఏదో ఒక ప్రత్యేక గుర్తు పెట్టుకుని ఎప్పుడూ అదే వాడండి. ఫ ని ఎఫ్‌లా పలికే అలవాటు ఉంటే అదీ దెబ్బతీస్తుంది, ఎందుకంటే కాంటొనీస్‌లో ఎఫ్ విడిగా ఉంది. తెలుగు రూపాన్ని చూసి చదువుకోవడానికి పెట్టుకోండి, పక్కనే యూట్‌పింగ్ ఉంచండి.

## ఫోన్, కంప్యూటర్ దగ్గర

యూట్‌పింగ్‌తో ఫోన్‌లో చైనీస్ లిపి టైప్ చేయొచ్చా?

చేయొచ్చు. ఆపిల్ 2022లో ఐఓఎస్ 16తో పాటు కాంటొనీస్ ఉచ్చారణతో టైప్ చేసే కీబోర్డు ఇచ్చింది. టోన్ అంకెలు కొట్టకపోయినా మాటలు సూచిస్తుంది.

సొంతంగా పదాల జాబితా చేస్తున్నా. ఏ రూపంలో దాచాలి?

మామూలు యూట్‌పింగ్‌లో, ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీతో. అంకెలను పైకి ఎత్తి చిన్నగా రాయకండి, కాపీ చేసినప్పుడు ఆ ఫార్మాట్ పోతుంది. యూనికోడ్‌వాళ్ల చైనీస్ అక్షరాల డేటాబేస్‌లో కాంటొనీస్ ఉచ్చారణ యూట్‌పింగ్‌లోనే ఉంది, మీ జాబితాని దానితో సరిపోల్చుకోవచ్చు.

నా పాత నోట్సు అంతా యేల్‌లో ఉంది. ఎలా మార్చుకోవాలి?

ఈ వరస తప్పకండి. ముందు టోన్లు: పలకని హెచ్ ఉంటే కింది వరస, అంటే కిందికి వాలిన గీతకి 4, పైకి లేచిన గీతకి 5, గీత లేకపోతే 6. హెచ్ లేకపోతే అడ్డగీతకి 1, పైకి లేచిన గీతకి 2, ఏమీ లేకపోతే 3. హెచ్ లేకుండా కిందికి వాలిన గీత కనపడితే అదీ 1. ఆ పలకని హెచ్ తీసేయండి. తర్వాత మొదటి అక్షరాలు: జే ఉన్నచోట జెడ్, సీ-హెచ్ ఉన్నచోట సీ. ఇది అయ్యాకే వై ని జే చేయండి. ముందే చేస్తే పాత జే, కొత్త జే కలిసిపోతాయి. చివర ఒక్క ఏ ఉంటే రెండు చేయండి. ఈ-యు ని ఐ, ఎన్, టీ ల ముందు ఈ-ఓ గా, మిగతాచోట్ల ఓ-ఈ గా మార్చండి.

మిగిలిన చిక్కు వై-యు తో మొదలయ్యే మాటలు. వెనక కే గానీ ఎన్-జీ గానీ ఉంటే జే-యు అవుతుంది: మాంసం జే-యు-కే-6. వెనక ఉత్త ఎన్, టీ ఉన్నా, ఏమీ లేకపోయినా జే-వై-యు.